ఓలెటా సాన పట్టిన రైఫిల్

ఓలెటా ప్రూయిట్ మా ఊరి జీన్సు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళకు పైగా జిప్పులు కుట్టింది. ప్యాంటు మొత్తం కాదు, జిప్పులే. ఆమె ముందు కూర్చున్నావిడ జేబులు వేసేది, వెనక కూర్చున్నావిడ నడుంపట్టీ బిగించేది. ఫ్యాక్టరీ మూతపడి మెషీన్లన్నీ లారీలెక్కి దేశం సరిహద్దు దాటిపోతుంటే, వాటిలో ఒకదాన్ని అడిగి ఇంటికి తెచ్చుకుంది. ముందు గదిలో కిటికీ పక్కన వేసుకుని, ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లు పొట్టి చేస్తూ, గౌన్లు వదులు చేస్తూ రోజులు వెళ్ళదీసేది. మొగుడు లేడు. పిల్లలు లేరు. ఎవరైనా జాలిగా మాట్లాడితే మాత్రం ఊరుకునేది కాదు.

మాది పశ్చిమ టెక్సస్‌లో డ్రై సీడార్ అనే చిన్న ఊరు. నాకు మెయిన్ రోడ్డు మీద పశువుల దాణా కొట్టుంది. నెలకో శనివారం ఊరి బయట ఎండిన వాగు ఒడ్డున మా క్లబ్బువాళ్ళం కౌబాయ్ షూటింగు అనే తుపాకీ పోటీ ఆడతాం. నూటయాభై ఏళ్ళ కిందటి వేషాలు, ఆ కాలపు తుపాకులకు నకళ్ళు, ప్లైవుడ్‌తో కట్టుకున్న బ్యాంకూ జైలూ. ఇనప పలకల్ని వరస తప్పకుండా కొట్టాలి. ఎవరెంత వేగంగా కొట్టారో నేను గడియారం పట్టి చూస్తాను. ప్రతివాళ్ళకీ ఒక మారుపేరు ఉండాలి. వేషం లేనివాళ్ళను గీత దాటి రానివ్వం.

ఆ వేషాలే ఓలెటాను మా మధ్యకు తెచ్చాయి. క్లబ్బులో ఆడవాళ్ళు ఆమె దగ్గర పాతకాలం గౌన్లు కుట్టించుకునేవాళ్ళు. ఒకసారి గౌను చంక కింద బిగుతైందని ఎవరో గోల పెడితే, "తుపాకీ ఎత్తినప్పుడు ఎక్కడ పట్టేస్తుందో నేను కళ్ళారా చూడాలి" అని వాగు ఒడ్డుకు వచ్చింది. చూసింది. ఎవరో సరదాకి తుపాకీ చేతికిచ్చారు. మొదటి పలక టంగుమంది. ఆ చప్పుడు విన్నాక ఓలెటా ముఖం చూడాలి. చర్చిలో కూడా ఆమె అలా నవ్వగా నేను చూడలేదు.

మూడు నెలల్లో తనకంటూ ఒక రైఫిల్ కొనుక్కుంది. కుట్టుమెషీనులో దారం చుట్టే బాబిన్ పేరు కలిపి, మారుపేరు బాబిన్ ఆనీ అని పెట్టుకుంది. రైఫిల్ ఇటలీలో చేసిన నకలు, కొత్తది, చూపుకి చక్కగా ఉంటుంది. కానీ దాని మీట మొండిది. ఈ రకం రైఫిల్ కింద వేళ్ళు దూర్చే ఉచ్చులా ఒక మీట ఉంటుంది. దాన్ని ముందుకు తోస్తే లోపల ఇత్తడి దిమ్మ తూటాను పైకెత్తుతుంది, వెనక్కి లాగితే ఆ తూటా గొట్టంలోకి వెళుతుంది. తెలిసినవాళ్ళ చేతిలో అది కుట్టుమెషీను సూదిలా ఆడుతుంది. ఓలెటా రైఫిల్‌ది తుప్పు పట్టిన గేటు తీసినట్టు ఉండేది. మీట తోసిన ప్రతిసారీ గొట్టం ఆకాశంలోకి లేచేది, మళ్ళీ దించి గురి చూసుకోవాలి. ఆట అయ్యేసరికి భుజం పట్టుకుపోయేది. ఎప్పుడూ ఆఖరు స్థానమే.

"పొరుగు రాష్ట్రంలో ఒకాయన ఉన్నాడు, నున్నగా చేసిస్తాడు. ఏడాది ఆగాలంతే" అన్నాడు ర్యాండెల్ ఓట్స్. ర్యాండెల్ మా క్లబ్బులో అందరికన్నా గట్టిగా మాట్లాడే మనిషి. బావుల్లో మోటార్లు దింపడం వాడి పని.

"ఏడాదా? అప్పటికి నా భుజం ఊడి చేతికొస్తుంది" అంది ఓలెటా. "మన డాయిల్ చెయ్యడా?"

అక్కడ అందరం బూట్ల వైపు చూసుకున్నాం.

డాయిల్ మెకాస్లిన్ నా కొట్టు వెనక షెడ్డులో తుపాకులు బాగుచేసేవాడు. నాలుగు జిల్లాల నుంచి ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆయన సాన పట్టిన రైఫిల్ మీట చిటికెన వేలితో ఆడేది. అంతకు ముందు చలికాలంలో ర్యాండెల్ రైఫిల్ చేస్తుండగా ఆయన చేతిలో సానరాయి జారింది. రైఫిల్ వెనక తూటాను కొట్టి పేల్చే సుత్తి ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే గాడి వెంట్రుకంత అరిగింది. ఆయన గమనించలేదు. ఆట రోజున ర్యాండెల్ మీట వెనక్కి లాగాడో లేదో, ట్రిగ్గర్ నొక్కకుండానే తూటా పేలి వాడి బూటు పక్కన మట్టిలో దిగింది. ఎవరికీ ఏం కాలేదు. కానీ ర్యాండెల్ అందరి ముందూ అరిచాడు. "నీ చేతులు ఇక దీనికి పనికిరావు డాయిల్" అన్నాడు. డాయిల్ మర్నాటి నుంచి పని మానేశాడు. పొద్దున్నే వచ్చి షెడ్డులో కూర్చునేవాడు, రేడియో వినేవాడు, చీకటి పడకముందే వెళ్ళిపోయేవాడు.

నా కొట్టుకూ ఆ షెడ్డుకూ మధ్య ఒక రేకు గోడే, దానికీ చిల్లులున్నాయి. అందువల్ల ఓలెటా వెళ్ళిన రోజున జరిగినదంతా నా చెవినా కంటా పడింది.

"షాపు మూసేశాను" అన్నాడు డాయిల్.

"తలుపు తెరిచే ఉందిగా."

"గాలి కోసం తెరిచా."

"నేనూ గాలి కోసమే వచ్చానులెండి" అని ఓలెటా లోపలికి వెళ్ళి, రైఫిల్ తీసి బల్ల మీద పెట్టింది. "ఖాళీదే. చూసుకోండి."

ఆయన చూడలేదు. కుడి చెయ్యి జేబులో ఉంది, తియ్యలేదు. "ఏమ్మా, నీకు ఎవరూ చెప్పలేదా? నా చేతులు పనికిరావు."

"చెప్పారు. నేను మీ చేతుల కోసం రాలేదు. ఎక్కడ రుద్దాలో, ఎక్కడ రుద్దకూడదో మీకు తెలుసు. రుద్దడానికి నా చేతులున్నాయి."

"జిప్పులు కుట్టడం కాదిది."

"జిప్పు కుట్టడం మీకొచ్చా?"

"రాదు."

"మరి ఇంకేం? ఇద్దరికీ చెరో పని రాదు. సమానం అయిపోయాం."

డాయిల్ రేడియో కట్టేశాడు. "కళ్ళు మూసుకుని మీట ఆడించు. మెల్లగా. ఎక్కడ పట్టేస్తోందో చెప్పు."

ఓలెటా ఆడించింది. "సగం దాకా బరువు. సగం దాటాక ఏదో గీరుకుంటోంది. వెనక్కి వచ్చేటప్పుడు చివర్లో పట్టుకుని వదులుతోంది, బాబిన్‌లో దారం చిక్కుపడ్డట్టు."

"ఊఁ" అన్నాడు డాయిల్. ఆ ఊఁ విని నేను దాణా బస్తా దించి నిలబడిపోయాను. అది ఆయన పని మొదలుపెట్టేటప్పటి ఊఁ.

అలా మొదలైంది. మధ్యాహ్నం కుట్టుపని ముగించుకుని ఓలెటా షెడ్డుకు వచ్చేది. డాయిల్ స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు, ఆమె చేసేది. పక్క రేకులు విప్పడం, స్ప్రింగులు తియ్యడం, ఒక్కొక్క ముక్కనూ గుడ్డ మీద విప్పిన వరసలోనే పేర్చడం. ముక్కల మీద నల్ల మార్కరు పూసి, మళ్ళీ బిగించి, మీట ఆడించి, మళ్ళీ విప్పేవాళ్ళు. ఎక్కడ నలుపు చెరిగితే అక్కడ ఇనుము ఇనుమును గీరుతున్నట్టు. అక్కడ మాత్రమే రుద్దాలి.

"గరుకు తియ్యి. ఇనుము తియ్యకు" అని డాయిల్ పొద్దస్తమానం అనేవాడు.

"రెండూ ఒకటే కదండీ కంటికి?"

"కంటికి ఒకటే. వేలితో చూడు."

ఆమె వేలితో చూసేది. ఫ్యాక్టరీలో ఆ వేళ్ళే డెనిమ్ గుడ్డ మందం చెప్పేవి. ఇత్తడి దిమ్మ అంచుల్లో మెషీను వదిలేసిన గరుకు ఆమెకు ఒక్కసారి తడిమితేనే దొరికింది. సానరాయికి నూనె రాసి, ఒకే వైపు, ఒకే బరువుతో లాగేది. డాయిల్ కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటూ, "చెయ్యి బరువెక్కింది, తేలిక చెయ్యి" అనేవాడు. ఓలెటా "మీరు నిద్రపోయారనుకున్నాను" అనేది. "నీ గీకుడికి నిద్రెక్కడ" అనేవాడు ఆయన.

ఒక్క చోటికి మాత్రం ఆమెను రానివ్వలేదు. సుత్తి మీద గాడి, దాన్ని పట్టే ట్రిగ్గర్ మొన. "అవి ఫ్యాక్టరీ ఎలా పంపిందో అలాగే ఉంటాయి. ఎవడెంత చెప్పినా వాటి జోలికి వెళ్ళకు" అన్నాడు. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు వేరుగా ఉంది.

ఒకరోజు డాయిల్ డాక్టరు దగ్గరికని లబ్బక్ పట్నం వెళ్ళాడు. ఆ ముందు రోజే మీట స్ప్రింగును సన్నం చెయ్యాలని చెప్పి ఉన్నాడు. మీట బరువులో సగం ఆ స్ప్రింగుదే. ఓలెటా ఆగలేకపోయింది. ఒంటరిగా షెడ్డు తెరుచుకుని, స్ప్రింగును బల్లకున్న ఇనప బిగింపులో పెట్టి, ఆకురాయితో అడ్డంగా రాసింది. పలచబడింది. బిగించి ఆడిస్తే మీట వెన్నలా కదిలింది. ఆమె పరుగున నా కొట్టులోకి వచ్చి, "చూడు, చూడు" అని నా ముందే ఆడించి చూపించింది. నాలుగోసారో ఐదోసారో లోపల టప్పుమంది. మీట చచ్చిన తోకలా వేలాడింది.

మర్నాడు విరిగిన ముక్కలు చేతిలో పెట్టుకుని డాయిల్ ముందు నిలబడింది. ఆయన వాటిని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"అడ్డంగా రాశావు."

"అవును."

"స్ప్రింగు వంగేది ఎటు? నువ్వు గీత పెట్టింది ఎటు? ప్రతి గీతా ఒక పగులు. పొడుగునా రాయాలి. రాశాక ఆ గీతలు కూడా కనపడనంత నున్నగా చెయ్యాలి."

"మీరు వచ్చేదాకా ఆగాల్సింది."

డాయిల్ లేచి పైన అరలోంచి ఒక కాఫీ డబ్బా దించబోయాడు. చెయ్యి వణికి డబ్బా జారి కింద పడింది. నేల నిండా విరిగిన స్ప్రింగులు. దోసెడు ఉంటాయి.

"ఇవన్నీ ఎవరివి?" అంది ఓలెటా.

"నావే. నేర్చుకున్న రోజుల్లో విరగ్గొట్టినవి. నీదీ అందులో వేసెయ్యి" అని నవ్వాడు. ఎన్నో నెలల తరవాత నేను ఆ నవ్వు విన్నాను. తరవాత వంగి ఏరబోతే చెయ్యి ఆగలేదు. ముక్కల మధ్య పిట్టలా కొట్టుకుంది. ఆయన దాన్ని రెండో చేత్తో పట్టుకుని అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాడు.

ఓలెటా పక్కన కూర్చుని ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. "డాక్టరు ఏమన్నాడు?"

"పార్కిన్సన్స్ అన్నాడు. పోయినేడే అన్నాడు. మందు రాసిచ్చాడు. నేను వేసుకోలేదు. ఇప్పుడు వేసుకుంటున్నా."

"ర్యాండెల్‌కి తెలుసా?"

"తెలిస్తే జాలిపడతాడు. వాడు తిట్టిందే నయం నాకు. అయినా వాడన్నదాంట్లో తప్పేముంది? ఒక అంగుళం ఇటు అయితే వాడి కాలు పోయేది. నా చెయ్యి నా మాట వినట్లేదని నాకు తెలుసు, అయినా రాయి పట్టుకున్నా. అదీ నా తప్పు."

ఓలెటా ఓదార్చలేదు. తనను ఎవరైనా ఓదారిస్తే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ముక్కలన్నీ డబ్బాలో వేసి మూత పెట్టి, "కొత్త స్ప్రింగు తెప్పించండి. ఈసారి పొడుగునా రాస్తాను" అంది.

కొత్తది వచ్చింది. ఆమె దాన్ని పొడుగునా, తొందర లేకుండా, వారం పాటు కొద్దికొద్దిగా రాసింది. గరుకు కాగితంతో మెరుగు పెట్టి డాయిల్ బొటనవేలి కింద పెట్టింది. ఆయన వేలు వణుకుతూనే దాని మీద అటూ ఇటూ నడిచింది. "ఇంకేం చెయ్యకు. చాలు. చాలు అన్నచోట ఆగడమే ఈ పనిలో కష్టం" అన్నాడు. అన్నీ బిగించి, మందులేని ఉత్తుత్తి తూటాలు పెట్టి మీట ఆడించారు. రేకు గోడ ఇవతల నాకు టిక్కు టిక్కు మంటూ వినపడింది. మధ్యలో ఎక్కడా గీరుకోలేదు.

ఏప్రిల్ ఆటకు ఓలెటా వచ్చింది. వెనకే డాయిల్ పాత ట్రక్కు వచ్చి పశువుల దొడ్డి పక్కన దూరంగా ఆగింది. ఆయన దిగలేదు. అద్దం దించి కూర్చున్నాడు.

ఆమె వంతు వచ్చింది. నేను గడియారం నొక్కాను. రైఫిల్ భుజానికెత్తి మొదటి పలక కొట్టింది. ఆ తరవాత గొట్టం లేవలేదు. మీట ఆడుతున్న చెయ్యి తప్ప ఆమెలో ఏదీ కదల్లేదు. పలకలు ఒకదాని వెనక ఒకటి మోగాయి. అంతలో ఓలెటాకు నవ్వొచ్చింది, ఆ నవ్వులో వరస మరిచిపోయి, కొట్టిన పలకనే మళ్ళీ కొట్టింది. దానికి శిక్షగా సమయం కలిపాం. అయినా ఆ రోజు ఆమె వెనక పదిమందికి పైనే ఉన్నారు.

ర్యాండెల్ తిన్నగా ఆమె దగ్గరికి వచ్చాడు. "ఏదీ, ఇటివ్వు." ఖాళీ అని చూసుకుని మీట ఆడించాడు. మళ్ళీ ఆడించాడు. టోపీ వెనక్కి తోసుకున్నాడు. "ఏడాది ఆగాలన్న మనిషి ఇంత తొందరగా ఎలా చేశాడు?"

"ఆయన చెయ్యలేదు. నేను చేశాను. చేయించింది ఆ ట్రక్కులో ఉన్నాడు."

ర్యాండెల్ ట్రక్కు వైపు చూశాడు. "నువ్వా? ఆయన చేతులతో..."

"ఆయన చేతుల సంగతి ఆయన్నే అడుగు. నేను చెప్పను. కానీ అడిగేటప్పుడు ఆ గొంతు కాస్త తగ్గించుకో. ఊరంతా వినాల్సిన పని లేదు."

ర్యాండెల్ వెళ్ళాడు. అద్దం మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు. మాకేం వినపడలేదు. ర్యాండెల్ మాట వినపడకపోవడం మా క్లబ్బులో ఎవరం ఎరగం. డాయిల్ జేబులోంచి చెయ్యి తీసి స్టీరింగు మీద పెట్టాడు, దాచకుండా. ర్యాండెల్ దాన్ని చూశాడు. తల దించుకున్నాడు. కాసేపటికి ట్రక్కు చుట్టూ తిరిగి వెళ్ళి, అవతలి తలుపు తీసి, లోపల కూర్చున్నాడు. మేం బీన్సూ పొగబెట్టిన మాంసమూ వడ్డించుకుని తినేదాకా ఇద్దరూ అందులోనే ఉన్నారు. ఓలెటా రెండు ప్లేట్లు కలిపి తీసుకెళ్ళి కిటికీలోంచి అందించి వచ్చింది.

"ఏం మాట్లాడుకుంటున్నారు?" అని అడిగాను.

"బావి మోటార్ల గురించి" అంది.

సోమవారం ర్యాండెల్ రైఫిల్ పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. పేలిన రోజు నుంచి అది తలుపు వెనకే పడుందట. "వేరేవాడి చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. పారెయ్యబుద్ధీ కాలేదు" అన్నాడు.

డాయిల్ కొత్త సుత్తీ కొత్త ట్రిగ్గరూ తెప్పించాడు. ఓలెటా బిగించింది. రెండూ సరిగా పట్టుకుంటున్నాయో లేదో ఆయన దీపం పెట్టి చూశాడు, భూతద్దం పెట్టి చూశాడు, ఆమెను చూడమన్నాడు, ర్యాండెల్‌ను చూడమన్నాడు. ఆఖరికి నన్నూ పిలిచి చూడమన్నాడు. నాకు ఏం చూడాలో తెలియదు, అయినా చూశాను. ఉత్తుత్తి తూటాలతో మీట లాగి, సుత్తిని వేలితో నొక్కి, రైఫిల్ పక్కను చెక్క సుత్తితో తట్టి పరీక్షించారు. గాడి జారలేదు. వాగు ఒడ్డుకు వెళ్ళి, మొదట ఒక్కొక్క తూటా పెట్టి కాల్చారు. ర్యాండెల్ మీట లాగిన ప్రతిసారీ డాయిల్ ఊపిరి బిగపట్టడం నాకు పక్కనుంచి తెలుస్తూనే ఉంది. సాయంత్రానికి తూటాల పెట్టె అయిపోయింది. ర్యాండెల్ రైఫిల్ దించి, "బాగుంది పెద్దాయనా" అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు, అంటే వాగు అవతలికి వినపడింది.

ఇదంతా జరిగి రెండేళ్ళు దాటింది. డాయిల్ వణుకు పోలేదు, పోదు. మందు వేసుకున్న పూట నయంగా ఉంటుంది. కొన్ని రోజులు చొక్కా గుండీ కూడా పెట్టుకోలేడు. ఆ రోజుల్లో షెడ్డుకు రాడు, ఓలెటాయే పని తీసుకుని ఆయన ఇంటి వరండాలోకి వెళుతుంది. ఆయన చొక్కాలకు ఆమె గుండీల బదులు లోపల అతుక్కునే పట్టీలు కుట్టింది. పైకి గుండీల్లాగే కనిపిస్తాయి. లబ్బక్ డాక్టరు దగ్గరికి ర్యాండెల్ తీసుకెళతాడు, దారి పొడుగునా ఇద్దరూ దేనికో ఒకదానికి వాదించుకుంటారు. తుపాకులు మళ్ళీ నాలుగు జిల్లాల నుంచి వస్తున్నాయి. మొదట్లో ఆడమనిషిని చూసి తటపటాయించినవాళ్ళు ఉన్నారు. మీట ఒకసారి ఆడించి చూసుకున్నాక సణుగుడు ఆగిపోయేది.

గురువులో శిష్యురాలికి నచ్చనివి కూడా ఉన్నాయి. తూటాలు తోసే స్ప్రింగును ఇంకో రెండు చుట్లు కోస్తే మీట మరింత తేలికవుతుందని ఆమె అంటుంది. కోస్తే చలికాలంలో తూటా ఆలస్యంగా వస్తుందని ఆయన అంటాడు. కిందటి డిసెంబరులో తన రైఫిల్‌కు కోసి చూసుకుంది. మంచు పడ్డ రోజున తూటా నిజంగానే ఆలస్యమైంది. ఆమె ఒప్పుకుంది. జూన్ ఎండల్లో మాత్రం తన మాటే నిజమని ఇంకా అంటోంది.

పోయిన గురువారం ముగ్గురూ ర్యాండెల్ ట్రక్కులో రాష్ట్ర పోటీలకు బయల్దేరారు. ఓలెటా రెండోసారి ఆడుతోంది, ర్యాండెల్ ఎన్నోసారో వాడికే తెలియదు. డాయిల్‌ను తుపాకులు తనిఖీ చేసే బల్ల దగ్గర కూర్చోమని నిర్వాహకులే పిలిచారు. నేను నీళ్ళ డబ్బాలు ఎక్కించాను. ఓలెటా మొక్కజొన్న రొట్టెలు గుడ్డలో కట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"మధ్యలో నేను కూర్చోను" అన్నాడు డాయిల్. "వీడు గేరు వేసినప్పుడల్లా నా మోకాలు పచ్చడి చేస్తాడు."

"అయితే నువ్వే నడుపు" అన్నాడు ర్యాండెల్.

"నడిపితే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను."

"జరగండి ఇద్దరూ" అని ఓలెటా మధ్యలో ఎక్కి కూర్చుంది. రేడియో ఎవరి పాటలు పెట్టాలన్న దాని మీద గొడవ పడుతూనే ట్రక్కు హైవే ఎక్కింది. నేను కొట్టు తెరుచుకుని అమ్మకానికి తెచ్చిన కోడిపిల్లలకు నీళ్ళు పెట్టాను.